తాపీ పట్టే చేతికి నేర్పవలసిన పాఠం

కొండమీది ప్రసంగం చివర ప్రభువు చెప్పిన రెండిళ్ల ఉపమానం మన బడి పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఒకడు బండమీద కట్టాడు, ఒకడు ఇసుకమీద కట్టాడు. వాన కురిసింది, వరద వచ్చింది, గాలి కొట్టింది. ఒక ఇల్లు నిలిచింది, ఒకటి కూలింది (మత్తయి 7: 24-27). ఈ సువార్త చదివిన ఆదివారం గురువులు ఆ ఇంటిని మన విశ్వాస జీవితానికి పోల్చి ప్రసంగిస్తారు. అది సబబే. కాని ప్రభువు ఎదుట గడ్డిమీద కూర్చుని విన్నవారికి అది మొదట నిజమైన ఇల్లుగానే తోచి ఉంటుంది. చెప్పినవాడు కూడా పనివాని ఇంట పెరిగినవాడే. మార్కు సువార్త (6: 3) ఆయన వృత్తిని చెప్పడానికి వాడిన గ్రీకు మాట 'తెక్తోన్'. మనం దానిని వడ్రంగి అని అనువదించుకున్నాం గాని, చెక్కతోగాని రాతితోగాని కట్టే పనివానికి కూడా ఆ మాట చెల్లుతుంది.

ఈ వారం మన పాఠం ఆ నిజమైన ఇంటి గురించి, దానిని కట్టే మేస్త్రి గురించి.

పాత నిబంధనలో ఒక చిన్న చట్టం ఉంది. మనం అంతగా పట్టించుకోము. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలనీ, అది లేక ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఆ ఇంటిదేననీ ద్వితీయోపదేశకాండము (22: 8) శాసిస్తుంది. దేవుని ధర్మశాస్త్రంలో పిట్టగోడకు చోటు దొరికింది! తగిన కారణం లేకుండా ఒకరిని ప్రాణాపాయానికి గురిచేయడం ఐదవ ఆజ్ఞకు విరుద్ధమని కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం (2269) కూడా బోధిస్తున్నది. నరహత్య అనగానే మనకు కత్తి గుర్తుకు వస్తుంది. ఉప్పు ఇసుకతో పోసిన స్లాబు గుర్తుకు రాదు.

ఇంజినీర్లు తరచు ఒక మాట అంటుంటారు: భూకంపం మనుషులను చంపదు, ఇళ్లు చంపుతాయి అని. ఇది ఎంత నిజమో 2010లో రెండు నెలల వ్యవధిలో లోకానికి తెలిసివచ్చింది. ఆ ఏడాది జనవరి 12న హైతీ దేశంలో 7.0 తీవ్రతతో భూమి కంపించింది. లక్షకు మించి జనం చనిపోయారు. రాజధాని పోర్టోప్రిన్స్‌లోని మేత్రాసన ప్రధానాలయం నేలమట్టమైంది. అక్కడి అగ్రపీఠాధిపతులు జోసఫ్ సెర్జ్ మియో గారు కూడా ఆ రోజే మృతి చెందారు. ఫిబ్రవరి 27న చిలీ దేశంలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. వెలువడిన శక్తిని బట్టి చూస్తే ఇది హైతీ భూకంపానికి ఐదు వందల రెట్లు. చనిపోయినవారు మాత్రం సుమారు 500 మంది. హైతీ భూకంపం రాజధాని పక్కనే పుట్టింది, చిలీది సముద్ర తీరంలో పుట్టింది, ఆ తేడా ఉన్నమాట నిజమే. అయినా అదొక్కటే కారణం కాదు. 1939లో చియాన్ పట్టణంలో వేలాది మందిని పోగొట్టుకున్న తరువాత చిలీవారు కట్టడం తీరునే మార్చుకున్నారు. అక్కడి మేస్త్రి ముందు ఇటుక గోడ లేపుతాడు. తరువాత ఆ గోడ అంచులను పట్టుకునేటట్టు మూలల్లో స్తంభాలు, పైన బీము పోస్తాడు. గోడ, స్తంభం ఒకదానినొకటి కరచుకుని ఉంటాయి. హైతీలో రోడ్డు పక్కన సిమెంటు పొదుపు చేసి పోసిన దిమ్మెలు పేర్చి, వాటిపైన బరువైన స్లాబు వేసేవారు. ఆ మేస్త్రి దుర్మార్గుడేమీ కాడు. తన తండ్రో, పక్క ఊరి మేస్త్రో చేసింది చూసి చేశాడు. అంతకు మించి అతనికి ఎవరూ నేర్పలేదు.

ఇంత దూరం పోనక్కరలేదు. మనకు పొరుగున, లాతూరు దగ్గర జరిగింది చూద్దాం.

1993 సెప్టెంబరు 30, తెల్లవారుజాము నాలుగు గంటలు కావస్తున్నది. వినాయక నిమజ్జనం ముగించుకుని జనం గాఢనిద్రలో ఉన్నారు. మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల్లో, కిల్లారి గ్రామం దగ్గర భూమి కదిలింది. హైదరాబాదులో కూడా ఆ కుదుపు తెలిసింది. తీవ్రత సుమారు 6.2. ప్రపంచంలో ఇంత తీవ్రత గల భూకంపాలు ఏటా ఎన్నో వస్తుంటాయి. ఇక్కడ దాదాపు 10 వేల మంది చనిపోయారు.

ఆ ఊళ్లలో ఇళ్లెలా ఉండేవో తెలిస్తే కారణం తెలుస్తుంది. నల్లరాతి గోడలు, రెండు మూడు అడుగుల మందం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. చూస్తే కోటగోడలు! కాని ఆ గోడ నిజానికి ఒక గోడ కాదు. బయటి ముఖం ఒక వరస, లోపలి ముఖం ఒక వరస. రెంటి నడుమ రాళ్ల ముక్కలు, మట్టి కూరేవారు. ఈ ముఖం నుండి ఆ ముఖం దాకా పట్టే పొడవాటి కట్టురాయి ఎక్కడా ఉండదు. భూమి ఊగగానే రెండు ముఖాలు పొట్టలా ఉబ్బి విడిపోయాయి. పైకప్పు చెక్కదూలాల మీద వేసిన మట్టి మిద్దె. ఎండకు చల్లగా ఉండాలని, వాన కారకూడదని ఏటేటా మట్టి పోస్తూ పోయారు. అది అడుగు, రెండడుగుల మందానికి పెరిగింది. వేసవి తాపాన్ని ఆపిన ఆ మట్టే నిద్రలో ఉన్నవారి మీద టన్నుల లెక్కన పడింది. ఎంత బరువుంటే భూకంపపు తోపుడు అంత ఎక్కువగా ఉంటుంది. ఈ ఒక్క సూత్రం ఆ ఊళ్ల మేస్త్రీలకు తెలిసి ఉంటే, మిద్దెమీద పాత మట్టి తీసేసి కొత్త మట్టి పోయమని చెప్పేవారు.

తరువాత జరిగినది ఇంకా గమనించదగ్గ విషయం. రాతి ఇల్లంటేనే జనానికి భయం పట్టుకున్నది. ఇక కాంక్రీటు తప్ప మరొకటి వద్దన్నారు. తాతలనాటి రాళ్లు కుప్పలుగా పడి ఉన్నాయి. రాతిది తప్పు కాదు గదా! అదే రాతితో, గోడ మందం అడుగున్నరకు మించకుండా, నిలువున రెండడుగులకూ అడ్డంగా నాలుగడుగులకూ ఒక్కొక్క కట్టురాయి పెట్టి, కిటికీల పైన ఇంటి చుట్టూ కాంక్రీటు బెల్టు వేసి కడితే నిలుస్తుంది. పొడవు రాయి దొరకకపోతే దాని బదులు కాంక్రీటు దిమ్మె గాని, ఎస్ అక్షరంలా వంచిన ఇనుప చువ్వ గాని పెట్టవచ్చు. పాత ఇల్లు పడగొట్టకుండానే గోడకు అక్కడక్కడ కన్నాలు చేసి, చువ్వ పెట్టి కాంక్రీటు నింపి రెండు ముఖాలనూ కుట్టివేయవచ్చు. చిరిగిన గోనెసంచిని దబ్బనంతో కుట్టినట్టే. మరాఠ్వాడా మేస్త్రీలకు ఈ పని చేయించి చూపించారు.

పూర్తిగా నాశనమైన 52 గ్రామాలను వేరే చోట్ల కొత్తగా కట్టించారు. అంతకన్నా పెద్ద పని మిగిలిన ఊళ్లలో ఉండిపోయింది. బీటలు వారిన ఇళ్లు లక్షకు పైమాటే. వాటిని ఎవరికి వారు, ఊరి మేస్త్రితో బాగుచేసుకోవాలి. ప్రభుత్వం డబ్బు, సామాను ఇచ్చింది. మరి పని సరిగా జరుగుతున్నదని ఎవరు చూడాలి? ఒక్క ఇంజినీరు ఎన్ని ఊళ్లు తిరగగలడు? అప్పుడు స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ పల్లె స్త్రీలను ముందుకు తెచ్చింది. వారికి 'సంవాద్ సహాయక్' అని పేరు. బెల్టు ఎందుకు వేయాలి, చువ్వ ఎక్కడ వంచాలి, సిమెంటు పాలు ఎంత అని నేర్చుకుని, వెయ్యికి పైగా గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి చెప్పారు, మేస్త్రి పక్కన నిలబడి చూశారు. ఎక్కువమంది పెద్దగా చదువుకోనివారు. 2001లో గుజరాతులో భూకంపం వచ్చినప్పుడు ఈ లాతూరు స్త్రీలే అక్కడికి వెళ్లి, తమ అనుభవాన్ని అక్కడి స్త్రీలకు చెప్పారు. మన విచారణల్లోని మహిళా సంఘాలవారు ఈ సంగతి మరొకసారి చదువుకోవాలని మనవి.

గుజరాతు భూకంపం 2001 జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు వచ్చింది. గణతంత్ర దినోత్సవం. అంజార్ పట్టణంలో జెండాలు పట్టుకుని ఊరేగింపుగా పోతున్న బడిపిల్లలు ఇరుకు వీధిలో రెండు వైపుల ఇళ్లూ కూలి, వాటి కింద పడిపోయారు. రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమ్మదాబాదులో కొత్త అపార్టుమెంట్లు కూలాయి. కాంక్రీటు ఇల్లయితే చాలునని కిల్లారి తరువాత అనుకున్నవారికి అది జవాబు. స్తంభంలో చువ్వల చుట్టూ వేసే రింగులు దూర దూరంగా వేసి, వాటి కొసలను లంబకోణంలో వంచి వదిలేస్తే, ఊపు వచ్చినప్పుడు రింగు విచ్చుకుంటుంది. లోపలి కాంక్రీటు బయటికి చిమ్ముకుంటుంది. కొసను ఇంకా లోపలికి, స్తంభం మధ్యకు గుచ్చుకునేటట్టు వంచి మూడంగుళాలు వదలాలి. చువ్వలు వంచే కూలీకి ఒక్కొక్క రింగుకు అదనంగా పట్టేది అర నిమిషం.

కచ్ ప్రాంతంలో తిరిగి ఇల్లు కట్టే పనిని చాలావరకు ఇంటివారికే అప్పగించారు. డబ్బు విడతలుగా బ్యాంకు ఖాతాలో పడేది. పునాది చూసి ఒక విడత, లింటెల్ బెల్టు చూసి మరొక విడత. రెండు లక్షల వరకు ఇళ్లు ఈ పద్ధతిలో లేచాయి. వేలాది మంది తాపీ పనివారికి శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణలో ఒక తమాషా నాకు చాలా నచ్చింది. సగం కొలతలో రెండు ఇళ్లు పక్కపక్కనే కట్టారు. ఒకటి మామూలు పద్ధతిలో, ఒకటి బెల్టులు, మూల చువ్వలు వేసి. రెండూ కదిలే బల్లమీద ఉన్నాయి. ఊరి మేస్త్రీలంతా చుట్టూ నిలబడి చూస్తుండగా బల్లను బలంగా గుద్దారు. మామూలు ఇల్లు మూలల దగ్గర చీలి కుప్పకూలింది. రెండవది బీటలు వారి నిలబడింది. పది రోజుల ఉపన్యాసం చేయలేని పని ఆ కొద్ది నిమిషాలు చేశాయి.

మేస్త్రికి నేర్పడం వేరు, మేస్త్రికి ఉపన్యాసం చెప్పడం వేరు. ముప్ఫై ఏళ్లు పని చేసినవానిని బెంచీమీద కూర్చోబెట్టి 'నీవు కట్టేది తప్పు' అంటే టీ తాగి వెళ్లిపోతాడు. పైగా ఆ రోజు అతని కూలి పోతుంది. ఆ కూలి ఇవ్వకుండా శిక్షణకు రమ్మనడం అన్యాయం. ఇలాంటి పని బాగా జరిగినచోట్ల చేసినది ఇదీ: నిజంగా కడుతున్న ఇంటి దగ్గరే నేర్పారు. తాపీ అతని చేతికే ఇచ్చారు. అతనికి తెలిసినదానిని ముందు చెప్పనిచ్చారు. నేర్చుకున్న మేస్త్రి చేతనే పక్క ఊరి మేస్త్రికి నేర్పించారు. ఇంజినీరు చెప్పిన మాటకన్నా తోటి మేస్త్రి చూపించిన పని నమ్మకంగా ఉంటుంది. 2015 ఏప్రిల్ 25 భూకంపం తరువాత నేపాల్‌లో కూడా ఇదే దారి పట్టారు. అక్కడ స్త్రీలు కూడా తాపీ పని నేర్చుకుని ఇళ్లు కట్టారు.

అతనికి తెలిసినది చాలా ఉంటుందన్న మాట ఊరికే అనలేదు. కచ్ ఎడారి పల్లెల్లో భుంగా అనే గుండ్రటి మట్టి ఇల్లు కడతారు. తేలికైన శంకువు కప్పు. 2001లో పెద్ద పెద్ద మేడలు పడిన చోట చాలా భుంగాలు చెక్కుచెదరలేదు. ఇది చదువుతుంటే శ్రీకాకుళం, విశాఖ తీరాన మన పెద్దలు కట్టిన చుట్టిల్లు గుర్తుకు రాలేదా? గుండ్రటి మట్టి గోడ, నేలకు దగ్గరగా దిగిన తాటాకు కప్పు. గాలికి పట్టు దొరికే మూల ఒక్కటీ లేదు. అది కట్టినవాడు ఏ కళాశాలలోనూ చదవలేదు. ఆ చుట్టిళ్లు ఇప్పుడు కొద్దిగానే మిగిలాయి. ఆ నైపుణ్యమూ వాటితోనే పోతున్నది.

ఇక మన తీరం సంగతి. మన కోస్తాలో భూకంపంకన్నా తుఫాను భయమే ఎక్కువ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారు. పదిహేను అడుగులకు పైగా లేచిన నీరు ఊళ్లకు ఊళ్లనే తుడిచివేసింది. అలాంటి ఉప్పెన ముందు ఏ పేదవాని ఇల్లూ నిలవదు. మైకులో హెచ్చరిక వినగానే తుఫాను షెల్టరుకు పోవడమే. ఈ విషయంలో శిక్షణ పొందిన మేస్త్రి కూడా చేయగలిగింది లేదు, దాపరికం లేకుండా చెప్పాలి. కాని గాలి వేరు. 1990 మే తుఫానులో, 1996 నవంబరు 6న కోనసీమలో, 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టిన హుద్‌హుద్‌లో గాలి చేసిన నష్టం చూశాం. హుద్‌హుద్ నాటికి ముందస్తు తరలింపువల్ల ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఇళ్లు మాత్రం లేచిపోయాయి. గాలిమీద ఇల్లు నిలపడం మేస్త్రి, వడ్రంగి, ఇంటివారు కలిసి నేర్చుకోగలిగిన పనే.

గాలి కప్పును కిందికి నొక్కి కూల్చదు. పైకి పీకుతుంది. పక్షి రెక్కమీద గాలి పారినట్టే కప్పుమీద పారి పైకి లాగుతుంది. బరువుకు ఆనితే చాలుననుకుని రేకులమీద రాళ్లు, ఇసుక మూటలు పెడతాం. పెద్ద గాలికి ఆ రాళ్లే పక్కింటి పిల్లలమీద పడతాయి. కప్పును గోడకు, గోడను పునాదికి వరుసగా కట్టివేయాలి. వాసం దూలానికి, దూలం గోడమీది బెల్టులో ముందే పెట్టిన చువ్వకు గాని ఇనుప పట్టీకి గాని బిగియాలి. రేకుల అంచుల్లో, నడికొప్పు దగ్గర, మూలల్లో హుక్కులు దగ్గర దగ్గరగా ఉండాలి. గాలి మొదట లేపేది అక్కడే. చూరు ఒకటిన్నర అడుగుకు మించి బయటికి పోనివ్వకూడదు. వరండా కప్పును ఇంటి కప్పుకు పొడిగింపుగా వేయకుండా విడిగా వేస్తే, అది లేచినా ఇంటిని వెంటబెట్టుకుపోదు. రెండు వాలుల కప్పుకన్నా నాలుగు వాలుల కప్పు గాలికి బాగా ఓర్చుకుంటుంది. మరీ పల్చటి వాలు మంచిది కాదు. మన పాత నాలుగు వాలుల పెంకుటిళ్లవారు ఇది చదివి నవ్వుకుంటారేమో!

స్లాబు ఇల్లయినా నిశ్చింత లేదు. తీరం వెంబడి పాత తుఫాను షెల్టర్లు చాలా చోట్ల పెచ్చులూడి, చువ్వలు తుప్పుపట్టి కనిపిస్తాయి. ఉప్పు గాలి కొంత కారణం. ఉప్పు నీటితో, ఉప్పు ఇసుకతో కలిపితే లోపలినుండే తుప్పు మొదలవుతుంది. చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది. ఇల్లు కట్టుకునేవారు చేతిపంపు నీరు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పగా ఉంటే కాంక్రీటుకు పనికిరాదు. ఖర్చయినా మంచినీరు తెప్పించాలి. చువ్వ సెంట్రింగు పలకకు ఆనకుండా కింద సిమెంటు బిళ్లలు పెట్టారా లేదా వంగి చూడాలి. చాలామంది గులకరాయి పెట్టి సరిపుచ్చుతారు.

నీళ్ల సంగతి మరొకటి ఉంది. కలిపేటప్పుడు తక్కువ, పోసిన తరువాత ఎక్కువ. మనం సరిగా దీనికి తిరగేసి చేస్తున్నాం. పని తేలిక కావాలని కాంక్రీటును జావలా కలుపుతాం. అందులో ఎక్కువైన నీరు ఆవిరై, ఆ చోటంతా కన్నాలు మిగులుతాయి. తీరా పోసిన తరువాత రెండు రోజులు తడిపి వదిలేస్తాం. ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికేది బూడిద కలిసిన సిమెంటు. దానికి కనీసం పది రోజులు, మన ఎండలకు పధ్నాలుగు రోజులు తడి ఆరకూడదు. ఇది మేస్త్రి పని కాదు. మేస్త్రి సాయంత్రం వెళ్లిపోతాడు. పొద్దున్నే బిందెతో ఎక్కేది ఆ ఇంటి ఇల్లాలు. అందుకే లాతూరులో స్త్రీలకు నేర్పినవారు తెలివైనవారని అంటాను.

బెల్టు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. బండి చక్రానికి ఇనుప పట్టా ఎలాంటిదో ఇంటికి లింటెల్ బెల్టు అలాంటిది. కిటికీల పైన, తలుపుల పైన మాత్రమే ముక్కలు ముక్కలుగా లింటెల్ పోస్తే అది పట్టా కాదు. ఇంటి చుట్టూ తెగకుండా తిరగాలి. మూల దగ్గర చువ్వను నరికి ఆపకుండా వంచి అవతలి గోడలోకి రెండడుగులైనా పంపాలి. గోడలు మొదట విడిపోయేది మూలలోనే. తలుపును, కిటికీని మూలకు ఆనించి పెట్టించుకోవడం కూడా ఇందుకే మంచిది కాదు. మంచం పట్టదని గోల చేసేవారుంటారు, మంచం జరుపుకోవచ్చు.

ఇక మన తప్పు. ఇంతవరకు మేస్త్రికి ఏమి నేర్పాలో మాట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే మంచి మేస్త్రి చాలాసార్లు ఈ సంగతులు చెబుతూనే ఉంటాడు. 'అమ్మా, ఇంటి చుట్టూ బెల్టు వేద్దాం' అంటాడు. 'అన్నయ్యా, ఈ బస్తాలు చాలవు' అంటాడు. మనమే చదరపు అడుగు లెక్కన గుత్త మాట్లాడి, పక్క ఊరివాడు ఇంకా తక్కువకు చేస్తానన్నాడని బేరమాడతాం. ఆ తగ్గించిన డబ్బు ఎక్కడినుండి తీస్తాడు? మాలులోనుంచే. తరువాత గృహాశీర్వాదానికి ఫాదరుగారిని పిలిచిన తేదీ దగ్గర పడుతున్నదని, స్లాబు పోసిన వారానికే సెంట్రింగు ఊడదీయమని తొందర చేస్తాం. ఆశీర్వాదం వాయిదా వేసుకుంటే ఏ గురువూ నొచ్చుకోరు. మిగిలిన డబ్బు గ్రానైటుకు, గుమ్మం ముందు బొమ్మలకు పోతుంది. గేటుకు రంగు వేసినంత శ్రద్ధ గోడలో దాగిపోయే చువ్వమీద ఉండదు. ఎవరికీ కనిపించదు గదా!

విచారణ స్థాయిలో కూడా ఇదే జబ్బు. ఉపద్రవం వచ్చినప్పుడు బియ్యం, దుప్పట్లు, ఆ తరువాత ఇళ్లు. దాతలు ఇచ్చిన డబ్బుతో బయటి కంట్రాక్టరు వచ్చి వరుసగా యాభై ఇళ్లు కట్టి, తాళాలు ఇచ్చి, ఫోటో దిగి వెళ్లిపోతాడు. ఊరి మేస్త్రి ఆ పనిలో ఇటుకలు మోశాడంతే, నేర్చుకున్నది లేదు. ఐదేళ్లకు కొడుకు పెళ్లవుతుంది. ఆ ఇంటి వెనుక ఒక గది కావాలి. దానిని కట్టేది ఎవరు? ఆ ఊరి మేస్త్రే. తనకు తెలిసిన పాత పద్ధతిలోనే కడతాడు. మరుసటి తుఫానుకు యాభై ఇళ్లూ ఉంటాయి, యాభై గదులూ పోతాయి. ఆ గదిలో పడుకునేది కొత్త దంపతులు, చంటిబిడ్డ. యాభై ఇళ్ల బదులు నలభై ఎనిమిది కట్టి, మిగిలిన డబ్బుతో ఊళ్లోని పది మంది మేస్త్రీలకు, నలుగురు వడ్రంగులకు పని మీద నేర్పి ఉంటే ఎలా ఉండేది? దాతలకు పంపే నివేదికలో ఆ రెండిళ్లు తగ్గి కనబడతాయి. అందుకే ఎవరూ ఆ పని చేయరు.

మన సంఘస్థుల్లో తాపీ పనివారు, సెంట్రింగువారు, చువ్వలు వంచేవారు, కూలీలు ఎంతమంది ఉన్నారో తెలియని విచారణ లేదు. పాలమూరు నుండి వలస వెళ్లిన కూలీలు దేశమంతటా మేడలు కట్టారు. వారి చేతులమీద నిలిచిన నగరాలు ఎన్నో! వారికోసం శ్రీసభ ఒక పండుగను కూడా ఇచ్చింది. 1955లో పన్నెండవ పయస్ జగద్గురువులు మే 1ని శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగగా నెలకొల్పారు. మన గుళ్లలో ఆ రోజు పూజ ఉంటుంది, కొన్నిచోట్ల పనిముట్లకు ఆశీర్వాదం కూడా ఉంటుంది. ఆశీర్వదించిన తాపీలు, తూకం గుండ్లు, రసమట్టాలు అక్కడే ఉంటాయి, మేస్త్రీలూ అక్కడే ఉంటారు. ఆ పూటకు వారి కూలి విచారణ ఇచ్చి, ఒక ఇంజినీరును పిలిచి, గుడి ఆవరణలో ఒక మూల గోడ కట్టి చూపిస్తే ఎంత ఖర్చవుతుంది? ఇసుక, రెండు బస్తాల సిమెంటు, కొన్ని చువ్వలు, మధ్యాహ్నం భోజనం. కట్టిన ఆ మూల ఊరికే పోదు. గుడి ప్రహరీకో, మరియతల్లి గృహకో పనికివస్తుంది.

ఈ వారం చిన్న సమాజ కూడికలో సువార్త పఠనం తరువాత మాట్లాడుకోవడానికి రెండు విషయాలు. మొదటిది, మీ వీధిలో ఆఖరున కట్టిన ఇంటికి లింటెల్ బెల్టు చుట్టూ తిరిగిందా, ముక్కలుగా ఉందా? కట్టిన మేస్త్రినే కూడికకు పిలిచి, ఇంటివారు వద్దన్నవి ఏమిటో అడగండి, సంకోచం లేకుండా చెప్పనివ్వండి. రెండవది, కూడిక ఎవరింట జరుగుతున్నదో ఆ ఇంటి రేకుల కింద నిలబడి టార్చిలైటు వేసి పైకి చూడండి. వాసాన్ని గోడకు పట్టి ఉంచినది ఏమైనా ఉందా, ఊరికే ఆని ఉందా? నవంబరు గాలులు రాకముందే, ఆని ఉన్నచోట మెలిపెట్టిన మందపాటి జి.ఐ. తీగతోనైనా కట్టించండి. నిచ్చెన, కటింగు ప్లయరు ఉన్నవారు ఆ సాయంత్రం వెంట తెచ్చుకుంటే సరిపోతుంది.